గంప కింద పిల్లి

పూర్వం ఒక ఇంట్లో తద్దినం. పెంపుడు పిల్లి పాలగిన్నె చుట్టూ తిరుగుతోందని ఇంటాయన దాన్ని గంప కింద మూసిపెట్టి కార్యం కానిచ్చాడు. ఆయన పోయాక కొడుకు తద్దినం పెట్టబోతే ఇంట్లో పిల్లి లేదు. ఊరంతా గాలించి ఒకదాన్ని పట్టుకొచ్చి, గంప కింద పెట్టి, అప్పుడు మంత్రం మొదలెట్టించాడు. ఈ కథ విని పగలబడి నవ్వేవాళ్లలో వెబ్ డెవలపర్లం మేమే ముందుంటాం. కొత్తవాళ్లు కంప్యూటర్ సిద్ధం చేసుకోవడానికి మేమిచ్చే సెటప్ నోట్సు తెరిస్తే మాత్రం గంపలే గంపలు.

నేను ఉద్యోగంలో చేరిన రోజు నాకూ ఒక నోట్సు పంపారు. తొమ్మిది మెట్లు. మూడో మెట్టు: "నోడ్ ఇన్‌స్టాల్ చెయ్." ఏ వెర్షనో లేదు. ఐదు: "తర్వాత మామూలే." ఆరు: "పర్మిషన్ ఎర్రర్ వస్తే సీహెచ్‌మాడ్ 777 కొట్టు." ఎనిమిది: "అయినా రాకపోతే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ డిలీట్ చేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్." తొమ్మిది: "అప్పటికీ రాకపోతే అన్నని అడుగు." ఆ అన్న రెండేళ్ల కిందటే డల్లాస్ వెళ్లిపోయాడు. పులిహోరకు "తగినంత ఉప్పు" అని రాసేవాళ్లే నయం. వాళ్లు కనీసం వంటింట్లో ఉంటారు.

ఆ 777 మహిమ కాస్త చెప్పుకోవాలి. ఏ ఫైలు మీద ఎవరికేం అనుమతో అంకెల్లో చెప్పే కమాండ్ అది. ఫైలు చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. కలిపితే 7. మొదటి ఏడు యజమానికి, రెండోది అతని గుంపుకు, మూడోది మిగతా లోకానికి. అంటే ఆ సర్వర్లో కాలుపెట్టిన ప్రతివాడూ ఆ ఫైలు చదవొచ్చు, తిరగరాయొచ్చు, నడపొచ్చు. తాళం తిరగడం లేదని తలుపే ఊడబీకి గోడకు చేరేశారన్నమాట. ఎర్రర్ పోయింది కదా అంటారు. పోయింది. తలుపుతో పాటే పోయింది. ఇక కొందరు దాతలైతే పంచే నాలుగు లైన్ల కోడ్‌లో కంపెనీ డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా పెట్టి పంపుతారు. అత్త సొమ్ము, అల్లుడి దానం.

మంత్రాలకు చింతకాయలు రాలవంటారు. మా దగ్గర రాలతాయి. అదే అసలు చిక్కు. కాయ చేతికొచ్చాక, ఎందుకు రాలిందని అడిగే తీరిక ఎవరికి?

ఇలా ఎత్తి రాసుకోవడం మనకు కొత్త కాదు. అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో కోర్సు నోట్సు కట్టలుకట్టలుగా దొరికేది. ఎవరో విద్యార్థి చేతిరాత, కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ. అక్షరాలు అలుక్కుపోయినా మార్జిన్లో "సార్ ఇలా ఎందుకు చేశారంటే" అని ఒక ముక్క కనబడేది. ఇప్పుడు అక్షరం అద్దంలా ఉంది. మార్జినే లేదు.

పోనీ ఇది మన ఒక్కరి జాడ్యమా? కాదు. 2010లో ఒక జావా ప్రోగ్రామర్, బైట్ల సంఖ్యను మనిషికి అర్థమయ్యేలా చూపించే చిన్న కోడ్ ముక్కను ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో రాశాడు. అది వేల చోట్లకు పాకింది. 2019లో ఆయనే ముందుకొచ్చి, అందులో తప్పుందని చెప్పాడు. 9,99,999 బైట్లు ఇస్తే అది ఒక మెగాబైట్ అనకుండా వెయ్యి కిలోబైట్లు అంటుంది. ఆయన తన తప్పు దిద్దుకున్నాడు. మరి ఎత్తుకెళ్లినవాళ్లు? ఎక్కడినుంచి తెచ్చారో రాసుకుంటే కదా తిరిగి వెళ్లి చూసుకునేది! అక్కడి కోడ్ వాడుకుంటే ఎవరిదో చెప్పాలని లైసెన్సే షరతు పెట్టింది. మనం దాన్ని మర్యాద కాబోలు అనుకున్నాం. నిజానికది దిద్దుబాటు ఇంటికి వచ్చే దారి. ఈ ఎత్తి రాసుకోవడం ఎంత ముదిరిందంటే, 2021 ఏప్రిల్ 1న స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్లు కాపీ పేస్ట్ కోసమే ఒక బుల్లి కీబోర్డు అంటూ హాస్యమాడారు. జనం ముచ్చటపడ్డారు. అదే ఏడాది దాన్ని నిజంగానే తయారుచేసి అమ్మారు.

పంచుకోవడం తప్పంటే కళ్లు పోతాయి. అపరిచితులు రాసిపెట్టిన నాలుగు ముక్కలే లేకపోతే నా జీతంలో సగం నాది కాదు. నేనడిగేదల్లా కమాండ్ కింద ఇంకొక్క లైను: ఏ వెర్షన్లో, ఏ తేదీన, ఏ ఎర్రర్ వస్తే ఇది కొట్టారు? పాలు తాగే పిల్లి ఉండేదా, లేదా? అంతే.

మా ఆఫీసులో సర్వర్ లేపే స్క్రిప్టులో "స్లీప్ 10" అని ఒక లైను ఉండేది. పది సెకన్లు ఊరికే ఆగమని. ఎందుకని తవ్వితే తేలింది: ఎప్పుడో ఒకాయన ముసలి లాప్‌టాప్‌లో డేటాబేస్ లేవడానికి ఐదు సెకన్లు పట్టేది కనుక ఆయన "స్లీప్ 5" అని పెట్టుకున్నాడు. లాప్‌టాప్ పాత సామాన్లవాడి బండెక్కింది. మధ్యలో ఎవరో ఆ ఐదును పది చేశారు. పిల్లి ఒళ్లు చేసింది కాబోలు. శుక్రవారం ధైర్యం చేసి ఆ లైను తీసేశాను. సర్వర్ పది సెకన్లు ముందే లేచి కూర్చుంది. ఏ ఉపద్రవమూ రాలేదు.

సోమవారం వెళ్లి చూస్తే లైను మళ్లీ యథాస్థానంలో ఉంది. నా పోరు పడలేక ఈసారి పక్కన కారణం కూడా రాశారు: "ఇదివరకు ఉండేది."