పర్సు కొలది గాలి: ఒక టర్బో పద్యానికి టీకా తాత్పర్యం

ఆ.వె.
చిన్న టర్బొ కొన్న చిటికెలో పలుకును
పెద్ద టర్బొ కొన్న పిదప పలుకు
క్లచ్చు జారెనేని కాసులే గాలికి
పర్సు కొలది గాలి పట్టవలయు

అవతారిక: సెకండ్ హ్యాండులో స్విఫ్ట్ డీజిల్ కొన్న యువకుడొకడు, ఘాట్‌రోడ్డు మీద ఎర్టిగా ఒకటి తనను దాటుకుని పోవడం చూసి ఖిన్నుడై, పెద్ద టర్బో వేయించాలని సంకల్పించి, ఉన్న సొమ్ము లెక్కబెట్టుకుంటూ షెడ్డు ముందు నిలబడగా, ఆయిలు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ మేస్త్రి చెప్పిన పద్యం.

ప్రతిపదార్థం: చిన్న టర్బొ = చిన్న చక్రాలు గల టర్బోను; కొన్నన్ = కొన్నట్లయితే; చిటికెలోన్ = యాక్సిలరేటర్ తొక్కిన వెంటనే; పలుకును = బండి లాగును; పెద్ద టర్బొ కొన్నన్ = పెద్దదాన్ని కొన్నట్లయితే; పిదప = సిగ్నల్ దాటి, పక్క ఆటో కూడా దాటిపోయాక; పలుకు = లాగును; క్లచ్చు జారెనేని = క్లచ్ ప్లేటు పట్టు వదిలితే; కాసులు ఏ = పెట్టిన డబ్బంతా; గాలికి = (సుగమము); పర్సు కొలది = జేబులో ఉన్నదాన్ని బట్టి; గాలి = వాయువును; పట్టవలయున్ = పట్టవలెను.

తాత్పర్యం: టర్బో ధర టర్బో ధర కాదు. దాని వెంట వచ్చేవాళ్ల ధర కూడా కలుపుకుని, పర్సు మోయగలిగినంతలోనే ఆశపడాలి.

విశేషాలు: 'టర్బొ' అని ఒకారం పొట్టిగా ఉండడం గమనించదగ్గది. 'టర్బో' అంటే రెండు గురువులై సూర్యగణం చెడుతుంది. బడ్జెట్ ఎంత బిగుతుగా ఉందంటే కవి ఒక మాత్రను సైతం మిగుల్చుకున్నాడు.

మొదటి పాదానికి 'చైనా టర్బొ కొన్న' అని ఒక పాఠాంతరం ప్రచారంలో ఉంది. ఇది గ్రాహ్యం కాదు. 'చైనా' రెండు గురువులు, గణభంగం. 'చైన' అని కుదించుకుంటే గణం కుదురుతుంది కాని, 'చై'కీ 'చిటికె'లోని 'చి'కీ యతి చెల్లదు. పేరూ ఊరూ లేని చౌక నకళ్ల విషయంలో ఛందశ్శాస్త్రమూ యంత్రశాస్త్రమూ ఏకాభిప్రాయానికి రావడం ముచ్చటైన సంగతి. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు అనాయాసంగా దాటుతుంది. చిన్న కార్లలో రెండు లక్షల దరిదాపులకూ పోతుంది. ఆ వేగంలో చక్రం బరువు రవంత అటూ ఇటూ అయినా క్షమించేవాళ్లుండరు.

'పలుకు' అనడంలోని స్వారస్యం చెప్పాలి. ఇంజన్ వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజన్లోకి తోస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూషి 1905లో పేటెంట్ తీసుకున్న ఉపాయం ఇదే. పొగ ఉంటేనే చక్రం తిరుగుతుంది, చక్రం తిరిగితేనే గాలి, గాలి వస్తేనే మరింత పొగ. చక్రం పెద్దదైతే దాన్ని కదిలించడానికి పొగ ఎక్కువ కావాలి. స్విఫ్ట్‌లోని 1248 సీసీ ఇంజన్ తక్కువ చుట్లలో అంత పొగ ఎక్కడినుంచి తెస్తుంది? అసలు ఈ బండికి ఉన్న చిన్న టర్బోయే రెండు వేల చుట్ల లోపు మొహమాటపడుతుందని నడిపినవాళ్లందరికీ తెలుసు. పెద్దది వేస్తే బెజవాడ బెంజి సర్కిల్‌లో తొక్కిన తొక్కుకు ఊరి పొలిమేరలో జవాబు వస్తుంది. హైవే మీద మాత్రమే బతికేవాడికి ఇది దోషం కాదు. ఊళ్లో తిరిగేవాడికి రోజూ శిక్షే.

శంక: ఫియట్‌వారి ఈ 1.3 లీటర్ల ఇంజన్నే మారుతి, టాటా అందరూ వాడారు. పత్రికలవాళ్లు దానికి 'నేషనల్ ఇంజన్' అని బిరుదు కూడా ఇచ్చారు. స్విఫ్ట్‌లో 75 పీఎస్, ఎర్టిగాలో 90. అన్నదమ్ములే కదా, ఆ 90 బండి టర్బో స్క్రాపులో తెచ్చి బిగిస్తే సరిపోదా?

సమాధానం: ఇంత పొదుపుగా ఆలోచించినందుకు శంకించినవాడిని అభినందించాలి. అయితే ఆ టర్బోలో పొగదారిని ఇరుకు చేస్తూ వెడల్పు చేస్తూ కదిలే రెక్కలుంటాయి. అందుకే అది చిన్నదానిలా త్వరగా పలికి పెద్దదానిలా ఎక్కువ లాగుతుంది. రెక్కలు ఎప్పుడు ఎంత తిరగాలో చెప్పేది ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటరు. స్థిరమైన టర్బోతో పుట్టిన బండికి ఆ పాఠమే రాదు. పాఠం చెప్పించాలి, రెక్కలను తిప్పే సరంజామా అమర్చాలి, పైపుల మూతులు కలపాలి. తీరా లెక్క చూస్తే స్క్రాపు టర్బో ధర ఆ జాబితాలో చిన్న అంకెల్లో ఒకటి.

ఇంకొక సంగతి. డీజిల్ బండికి గాలి పెరిగినంత మాత్రాన బలం పెరగదు. విస్తరి పెద్దదైతే వడ్డన పెరగదు కదా. అదనపు గాలికి తగ్గ డీజిల్ పడాలి, అందుకు రీమ్యాప్, అంటే ఈసీయూలోని లెక్కలు తిరగరాయడం, కావాలి. గాలి చూడకుండా డీజిల్ ఒక్కటే పెంచితే నల్లపొగ, వెనకొచ్చే మోటారు సైకిలువాడి శాపనార్థాలు.

ఇక మూడో పాదం. దీన్ని కావ్యానికి ఆయువుపట్టుగా వ్యాఖ్యాత భావిస్తున్నాడు. స్విఫ్ట్ ఇంజన్ టార్క్ 190 న్యూటన్ మీటర్లు. కంపెనీవాడు క్లచ్‌ను ఆ లెక్కకు కొంచెం ఎడం పెట్టి చేశాడే గాని, మన భవిష్యత్ కోరికలను ఊహించి కాదు. పైగా సెకండ్ హ్యాండు బండిలో ఆ ప్లేటు ఎంత అరిగిందో పాత ఓనరుకే ఎరుక. పరీక్ష తేలిక: ఖాళీ రోడ్డు మీద నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారి పూర్తిగా తొక్కాలి. ఇంజన్ చుట్లు పైకెగిరి, వేగం అక్కడే ఉండి, కాలిన వాసన వస్తే క్లచ్ జారుతున్నట్టు. ఉన్న బలమే చక్రాలకు చేరడం లేదన్నమాట, కొత్త బలం ఎక్కడికి చేరుతుంది? 'కాసులే గాలికి' అనడంలో శ్లేష స్పష్టం. గాలి కోసం పెట్టిన కాసులు గాలికే పోతాయి.

పాత టర్బో కొనక తప్పనివారికి మేస్త్రి చెప్పే లక్షణాలు పద్యంలో లేవు గాని, సంప్రదాయంలో ఉన్నాయి. ఇరుసు పట్టుకుని పక్కకు కదపాలి. కొంచెం కదిలితే భయపడనక్కర్లేదు. అది ఆయిలు పొర మీద తేలుతూ తిరగవలసిన ఇరుసు, ఆ మాత్రం సందు ఉంటుంది. లోపలికీ బయటికీ మాత్రం చేతికి తెలిసేలా కదలకూడదు. రెక్కల అంచులు చెక్కుకుపోయినా, గోడకు రాసుకున్న గీతలున్నా దండం పెట్టి వచ్చేయాలి. అంతకన్నా ముఖ్యం, మన పాత టర్బో ఎందుకు చచ్చిందో తెలుసుకోవడం. ఆయిలు పైపు మసిబట్టి పూడుకుపోయి ఉంటే, కొత్తదానికీ అదే చావు. పైపు మార్చకుండా టర్బో మార్చేవాళ్లను షెడ్డు భాషలో మంచి గిరాకీ అంటారు.

పోషణ సంగతి మరిచినవారికి ఒక పురాణం. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ అని టర్బో కారు వచ్చింది. నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవం ఒకటి ఓనర్లు ఎప్పటికప్పుడు పోసుకోవాలి. చాలామంది పోయలేదు. చివరికి కంపెనీయే ఎన్నో కార్ల టర్బోలు ఊడదీసి మామూలు కార్బురేటర్లు బిగించి పంపింది. మన టర్బోకు అంత రాజభోగం అక్కర్లేదు, ఆయిలు వేళకు మారిస్తే చాలు. అదీ మార్చనివాడు మొదటి పాదం దగ్గరే ఆగిపోవడం మేలు.

నాలుగో పాదం: 'గాలి పట్టవలయు'. ఇక్కడ పట్టడమంటే కారిపోకుండా నిలుపుకోవడమని వ్యాఖ్యాత పక్షం. టర్బో బలహీనపడిందని షెడ్డుకు వచ్చే బండ్లలో టర్బో బాగానే ఉండి, ఇంటర్‌కూలర్ హోస్ చిట్లో, క్లిప్పు వదులయ్యో గాలి కారుతున్నవి తక్కువేం కాదు. పైపుల్లోకి గాలి కొట్టించి, అతుకుల మీద సబ్బునీళ్లు చల్లితే బుడగలు నిజం చెబుతాయి. ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య మట్టి పేరుకున్నా బలం పోతుంది. ఒత్తిడి రెట్టింపు చేసిన గాలి నూరు డిగ్రీలు దాటి కాగుతుంది, దాన్ని చల్లార్చకపోతే పలచబడిపోతుంది. బెజవాడ మే నెలలో ఈ బాధ చెప్పనక్కర్లేదు.

కనుక నలభై వేలున్నాయనుకుంటే వరస ఇలా: ముందు హోసులు, క్లిప్పులు, ఆయిలు, ఫిల్టర్లు, తరువాత క్లచ్, ఆపైన పాత టర్బో మీదే, పొగ రానంత మితంగా, తెలిసినవాడి చేత రీమ్యాప్. మిగిలితే టర్బో. మిగలదు.

శంక: ఇదంతా చట్టం ఒప్పుకుంటుందా?

సమాధానం: 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు చెప్పి ఆర్‌సీలో ఎక్కిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇన్సూరెన్సువాడు ప్రమాదం జరిగిన రోజున ఈ సెక్షన్‌కు మనకన్నా పెద్ద వ్యాఖ్యానం రాస్తాడు. హోసులూ క్లిప్పులూ కంపెనీవే వేయించుకుంటే ఏ సెక్షనూ అడ్డు రాదు.

శంక: టర్బో కొనడమే వద్దయితే కవి 'కొన్న' అని రెండుసార్లు ఎందుకన్నాడు?

సమాధానం: రెండుచోట్లా అది చేదర్థకం, కొంటే అని మాత్రమే. కొనమని కవి ఎక్కడా అనలేదు. పద్యం మొత్తానికి విధి ఒక్కటే, చివరి పదంలో ఉంది. దానికి సబ్బునీళ్లు చాలు.