పచ్చటి మేనేజరు కావలెను

కావలెను: హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఆరో ఎగ్జిట్ మేడ్చల్‌కీ ఏడో ఎగ్జిట్ శామీర్‌పేటకీ నడుమ లేస్తున్న హైరైజ్‌కు ఒక ప్రాజెక్ట్ మేనేజరు. పర్యావరణాన్ని కాపాడాలి, అందుకు పైసా అడగకూడదు. వారానికో స్లాబు వేయాలి. నీళ్లు ఆదా చేయాలి, బోరు మాత్రం ఆపకూడదు. ప్లాటినం రేటింగ్ తేవాలి. ఏ సిమెంటు కొంటారో, ఏ సబ్ కాంట్రాక్టరుకు పనిస్తారో పట్టించుకోకూడదు. జీతం అనుభవాన్ని బట్టి. తిట్లకు అనుభవంతో పనిలేదు.

ఈ ప్రకటన ఏ పేపర్లోనూ పడలేదు. ఉద్యోగంలో చేరిన మొదటి సోమవారమే అన్నీ తెలిసిపోతాయి కాబట్టి అచ్చు ఖర్చు కూడా దండగే.

ఎలా కట్టాలో మనకు తెలియదనడానికి లేదు. అమెరికా బయట హరిత భవనాలకిచ్చే మొట్టమొదటి లీడ్ ప్లాటినం రేటింగ్ 2003లో వచ్చింది మన హైటెక్ సిటీ దగ్గరి సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కే. ఔటరెక్కితే శామీర్‌పేట నుంచి ఎంతో దూరం కాదు. దాన్ని చూసి మనవాళ్లు శ్రద్ధగా నేర్చుకున్నది, రేటింగ్ ఫలకం లాబీలో ఏ ఎత్తున బిగించాలో.

సిమెంటు సంగతే చూడండి. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7-8 శాతం దాని పుణ్యమే. బొగ్గు బూడిద కలిపిన సిమెంటు వాడితే ఆ పాపం కొంత తగ్గుతుంది. బూడిదకు కరువా? శామీర్‌పేట మీదుగా పోయే రాజీవ్ రహదారి పట్టుకుంటే రామగుండం ఎన్టీపీసీ బొగ్గు విద్యుత్ కేంద్రం దాకా తీసుకెళ్తుంది. కాకపోతే ఆ సిమెంటు నింపాదిగా గట్టిపడుతుంది. కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు తడపాలి, బూడిద కలిపినదాన్ని కనీసం 10 రోజులు, వీలైతే 14 దాకా. అంటే గాలికి మేలు చేద్దామంటే నీళ్లు ఎక్కువ కావాలి, నీళ్లు తగ్గిద్దామంటే స్లాబు బీటలిస్తుంది. మధ్యలో సేల్స్ వాళ్లు, వచ్చే స్లాబుకు కస్టమర్ల దగ్గర వాయిదా వసూలు చేయాలని ఫోన్ల మీద ఫోన్లు. మేనేజరు అడకత్తెరలో పోకచెక్క.

మే నెల మిట్టమధ్యాహ్నం పైకెక్కి చూస్తే తెలుస్తుంది. స్లాబు మీద ఒక కుర్రాడు పైపు పట్టుకుని నిలబడతాడు. నీళ్లు కాంక్రీటు మీద క్షణం నిలవవు, అంచు దాటి లిఫ్టు గుంతలోకి దూకుతాయి. పరచాల్సిన గోనె పట్టాలు స్టోరు రూములో కట్ట విప్పకుండా ఉంటాయి. మడులు కట్టి, పట్టాలు పరిస్తే సగం నీళ్లు మిగులుతాయని కుర్రాడికీ తెలుసు. "పట్టాలు పరిచే లేబర్ రేటు నా బిల్లుల లేదు సార్" అంటాడు కాంట్రాక్టరు. నిజమే, లేదు. నీళ్ల ట్యాంకరు కంపెనీ ఖాతా, లేబరు అతని ఖాతా. ఇక ఎవరైనా దేన్ని ఆదా చేస్తారు?

శిథిలాలదీ అదే కథ. రోజుకు 20 టన్నులో, నెలకు 300 టన్నులో దాటితే వ్యర్థాలను వేరుచేయాలని, ప్రణాళిక సమర్పించాలని 2016 నిబంధనలు చెప్పాయి. ప్రణాళికదేముంది, సమర్పిస్తారు. రోజుకు 500 టన్నులు నలిపే ప్లాంటు జీడిమెట్లలో 2020 నుంచే ఉంది. "జీడిమెట్ల పోవాలంటే డీజిల్ ఎవరిస్తరు సార్?" అని టిప్పరు ఓనరు అడిగితే మేనేజరు ఆకాశం కేసి చూస్తాడు. ఆ రాత్రి టిప్పరు ఎక్కడికి పోయిందో ఏదో ఒక చెరువు శిఖాన్ని అడగాలి. బ్రోచర్లో లేక్ వ్యూ అని రాసేదీ, చెరువును పూడ్చేదీ ఒకే ప్రాజెక్టయినప్పుడు, ఫ్లాటు కొన్నవాడు కొన్నేళ్లకు బాల్కనీ లోంచి తన పాత గోడ ముక్కలనే చూసుకోవచ్చు.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. గోడలకు వాడే తేలికపాటి ఏఏసీ కాంక్రీటు బ్లాకుల కోసం ఎవరూ ఉపన్యాసాలివ్వలేదు. బరువు తక్కువ, స్టీలు కలిసొస్తుంది, గోడ చకచకా లేస్తుంది. అంతే, ఎర్ర ఇటుక హైరైజుల్లోంచి దాదాపు మాయమైంది. లాభం ఏ జేబులో పడుతుందో తెలిసిన చోట పచ్చదనం దానంతటదే మొలిచింది. పైకప్పుకు వేడి తగలకుండా ఒక పొర వేస్తే మాత్రం తగ్గేది కొనుక్కున్నవాడి ఏసీ బిల్లు. బిల్డరుకు ఆ బిల్లు రాదు. అందుకని ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు మొదట ఎగిరిపోయేది ఆ పొరే.

ఇక కాగితాలు. 20,000 చదరపు మీటర్లు దాటిన ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి కావాలి. ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదిక ఇవ్వాలి. ఇస్తారు. మన మేనేజరు డిసెంబరు నివేదికలో జూన్ అని తేదీ మార్చి, ఫొటోల్లోని మొక్కలు ఆర్నెల్లలో ఒక్క ఆకూ వేయలేదని ఎవరూ గమనించరని ధీమాగా పంపుతాడు. గమనించరు కూడా. అతన్ని తిట్టి లాభం లేదు. అతని ఇంక్రిమెంటు హ్యాండోవర్ తేదీని బట్టి వస్తుంది, మొక్క ఎత్తును బట్టి కాదు.

కావాల్సినవి బ్రహ్మవిద్యలేం కావు. శిథిలాల రవాణాకు టెండర్లో టన్నుకింతని వేరే రేటు. ఎండాకాలంలో స్లాబుకు మరో మూడు రోజులు. బోరుకు ఒక నీటి మీటరు. ఈ మూడూ అడిగిన మేనేజరుకు మొదటి రెండింటికీ "చూద్దాం లే" అన్న జవాబొచ్చింది. మూడోదానికి మాత్రం డైరెక్టరు గారు నిజంగానే కంగారుపడ్డారట:

"మీటరు పెడితే ఎన్ని నీళ్లు వాడుతున్నమో తెలుస్తది గదయ్యా!"