తాతగారికి కాన్పు పాఠాలు

మా తరం మగవాళ్ళకి పురుడంటే వరండా. లోపల ఏం జరుగుతోందో తెలియదు, తెలుసుకోవాలనుకోవడం మర్యాద కూడా కాదు. ఫ్లాస్కు పట్టుకుని నిలబడడం, మందుల చీటీ చేతికిస్తే పరిగెత్తడం, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేవడం, మనల్ని కాదని తెలిశాక కూర్చోవడం. సిలబస్ అంతే. మా అమ్మాయి పుట్టినప్పుడు నేను ఈ పేపరు డిస్టింక్షన్లో పాసయ్యాను. పొగతాగరాదు అన్న బోర్డు కిందే తాపీగా సిగరెట్టు కాలుస్తున్న ఒక పెద్దమనిషి "మొదటిదా? మాకు నాలుగోది. అలవాటైపోతుంది లెండి" అని ధైర్యం చెప్పాడు. అలవాటు ఆయనకైందో వాళ్ళావిడకైందో చెప్పలేదు.

అలాంటి నన్ను, రిటైరై పెన్షను తీసుకుంటున్నవాణ్ణి, ప్రసూతి ఆసుపత్రిలో దంపతుల శిక్షణ తరగతిలో కూర్చోబెట్టారు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి అమ్మాయి గుంటూరు వచ్చింది. సెలవులన్నీ బిడ్డ పుట్టాక వాడుకోవాలి కాబట్టి అల్లుడుగారు పుణెలో ఉండిపోయారు. మా ఆవిడని వెళ్ళమంటే, "ఇద్దర్ని కన్నదాన్ని, నాకు వాళ్ళు చెప్పేదేంటి?" అంది. మిగిలింది నేను. తరగతిలో మిగతా మగపిల్లలంతా ముప్పై లోపువాళ్ళు. భార్యల వెనక కూర్చుని నడుములు రాస్తున్నారు. మా అమ్మాయి ముందే చెప్పేసింది: "నాన్నా, నువ్వు నోట్స్ రాసుకో చాలు."

మొదటి పాఠం ఊపిరి పీల్చడం. అరవై ఏళ్ళుగా చేస్తున్న పనే కదా అనుకున్నాను. కాదట. నొప్పి వచ్చినప్పుడు పీల్చేది వేరు, తగ్గుతున్నప్పుడు వదిలేది వేరు. 1950లలో లమాజ్ అనే ఫ్రెంచి డాక్టరుగారు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. అమ్మాయికి తోడుగా ఉందామని నేనూ మొదలుపెట్టాను. కాసేపటికి గదిలో ఉన్న సిస్టరు ఇద్దరు సిస్టర్లయ్యారు. ఆ ఇద్దరూ ఒకేసారి, "సార్, మీరు మామూలుగా పీల్చండి" అన్నారు.

రెండో పాఠం మాత్రం నా కోసమే పెట్టినట్టనిపించింది. నొప్పులు మొదలయ్యాక ఎప్పుడెప్పుడు వస్తున్నాయో, ఒక్కోటి ఎంతసేపు ఉంటోందో రాసిపెట్టాలట. అయిదేసి నిమిషాలకొకటి వస్తూ, ఒక్కోటి నిమిషం పాటు ఉంటూ, అలా గంటసేపు సాగితే బయల్దేరాలి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, లోపల బిడ్డ కదలికలు తగ్గినా లెక్కలు చూసుకోకుండా వచ్చేయాలి. నేను విద్యుత్ శాఖలో సబ్ స్టేషన్ ఆపరేటరుగా పనిచేశాను. గంట గంటకీ మీటర్లు చూసి లాగ్ షీటు నింపడమే నా ఉద్యోగం. ఆ సాయంత్రమే స్కేలు పెట్టి గళ్ళు కొట్టాను. మొదలైన టైము, ఆగిన టైము, మధ్య వ్యవధి, రిమార్కులు. అలవాటు కొద్దీ చివర షిఫ్టు ఇంజనీరు సంతకానికి కూడా గడి పెట్టాను. అమ్మాయి అది చూసి చాలాసేపు నవ్వింది. నవ్వు ఆగిన టైము రాసుకోలేదు.

ఇక అసలు గొడవ సంచుల దగ్గర మొదలైంది. ఆసుపత్రివాళ్ళు ఒక జాబితా ఇచ్చారు: ఫైలు, స్కాన్ రిపోర్టులు, ఆధార్, బీమా కార్డు, ముందు గుండీలున్న నైటీలు, ప్యాడ్లు, బిడ్డకి టోపీ, మేజోళ్ళు, ఫోను చార్జరు. నేను ఒక్కోటీ సర్ది టిక్కు పెట్టుకుంటూ వచ్చాను. మా ఆవిడ ఇంకో సంచి తీసింది. దానికి జాబితా లేదు, వాళ్ళమ్మ నుంచి వచ్చిన జ్ఞాపకమే జాబితా. ఆముదం సీసా, ఉగ్గుగిన్నె, వాము, ఇంగువ, వెల్లుల్లి కారం, సున్నిపిండి, సాంబ్రాణి, దిష్టిచుక్కకి ఇంట్లో పట్టిన కాటుక, శొంఠీ పిప్పళ్ళూ బెల్లం నెయ్యీ వేసి తిప్పిన కాయం. నా పాత గ్లాస్గో పంచెలు నాకు చెప్పకుండా చింపి పొత్తిళ్ళు చేసింది. అందులో ఒకటి పాతది కాదు.

తర్వాతి తరగతికి మా ఆవిడ తనే వస్తానంది. నేర్చుకోవడానికి కాదు, తనిఖీకి. పాపం సిస్టరుకి ఆ సంగతి తెలియదు. బిడ్డ పుట్టిన మొదటి గంటలోనే తల్లిపాలు పట్టాలంది. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప తేనె, ఉగ్గు, పంచదార నీళ్ళు, గ్రైప్ వాటరు, చివరికి మంచినీళ్ళు కూడా వద్దంది. ఏడాది నిండేదాకా తేనె అసలు నాకించకూడదంది. మా ఆవిడ సంచిలో సరుకులు ఒక్కోటీ రద్దవుతున్నాయి. గాడిదపాలు పడితే గొంతు బాగా వస్తుందంటారు కదా అని వెనక వరసలో ఎవరో పెద్దావిడ అడిగింది. సిస్టరు ఆవిడ వంక ఎంత శాంతంగా చూసిందంటే, రోజుకొకరు అడుగుతారని అర్థమైంది. వాళ్ళ వీధికి గాడిదపాలావిడ ఏ రోజు వస్తుందో మా ఆవిడ మెల్లగా కనుక్కుని పెట్టుకుంది.

ముర్రుపాల దగ్గర పోరు ముదిరింది. మొదటి రెండు మూడు రోజులు చిక్కగా, పసుపుపచ్చగా వచ్చే ఆ పాలు చెడ్డవనీ పిండి పారబోయాలనీ మా ఆవిడ వాదన. రోగాలని ఆపే శక్తంతా అందులోనే ఉందనీ, మొదటి రోజు బిడ్డకి ఒక్కో విడతకి చెంచాడు పాలు చాలనీ సిస్టరు వాదన. మగవాళ్ళందరం సీలింగు ఫ్యాను వైపు చూస్తున్నాం. సిస్టరు తొణక్కుండా అడిగింది: "అమ్మా, మీ ఇంట్లో గేదె ఈనితే మొదటి పాలేం చేసేవారు?" మా ఆవిడ ముఖం వెలిగింది. "జున్ను. మిరియాలూ బెల్లం వేసి. వీధంతా గిన్నెలు పట్టుకొచ్చేవాళ్ళు." అని, అక్కడితో ఆగిపోయింది. దూడ వాటా కూడా లాక్కుని తిన్న జాతి తన బిడ్డ దగ్గరికొచ్చేసరికి అవే పాలు ఎందుకు పారబోసిందో నాకిప్పటికీ అర్థం కాదు. ఇంటికొచ్చాక ఉగ్గుగిన్నె సంచిలోంచి బయటికొచ్చింది. కాటుక మాత్రం వెనక్కి తగ్గలేదు. కంటికి పెట్టొద్దన్నారు గానీ అరికాలికి పెట్టొద్దనలేదుగా అని మా ఆవిడ పాయింటు. దీనికి సిస్టరే రాజీపడింది.

బొమ్మ పాఠం గురించి చెప్పాలి. నీలికళ్ళ రబ్బరు బొమ్మకి డైపరు వేసి, గుడ్డలో చుట్టాలి. సిస్టరు పూతరేకు చుట్టినట్టు చిటికెలో చుట్టేసింది. కాళ్ళు మాత్రం లోపల ముడుచుకోవడానికి వదులుండాలి, బిగిస్తే తుంటి కీళ్ళకి మంచిది కాదంది. సాఫ్టువేరు కుర్రాళ్ళంతా అవస్థ పడుతున్నారు. ఒకతను డైపరు వెనకా ముందూ చూసుకోకుండా వేసి, దానికేదో అప్‌డేట్ వస్తుందన్నట్టు నిలబడ్డాడు. బ్రేకర్లు, ఫ్యూజులు చేత్తో పట్టి నలభై ఏళ్ళు బతికిన మనిషిని నేను. నా చుట్టు చూసి సిస్టరు "అందరూ తాతగారి దగ్గర చూడండి" అంది. ఇంక్రిమెంటు వచ్చినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

డాక్టరమ్మ చెప్పిన మార్కుల సంగతి విన్నాక మాత్రం మనవాళ్ళకి తగిన పద్ధతే అనుకున్నాను. బిడ్డ పుట్టిన నిమిషానికి ఒక పరీక్ష, అయిదో నిమిషానికి ఇంకోటి. రంగు, గుండె వేగం, స్పందన, కండరాల బిగువు, ఊపిరి. ఒక్కోదానికి రెండు మార్కులు, మొత్తం పది. 1952లో అమెరికాలో వర్జీనియా అప్గార్ అనే మత్తు డాక్టరు తయారుచేసింది. గుంటూరులో ఈ మాట చెప్పాక తరగతి ఊరుకుంటుందా? "పదికి పది రావాలంటే ఏం చేయాలండీ?" అని ఒక తండ్రి అప్పుడే నోటుపుస్తకం తీశాడు. చాలామంది బిడ్డలకి మొదట్లో అరిచేతులూ అరికాళ్ళూ కాస్త నీలంగా ఉంటాయి కాబట్టి ఒక మార్కు పోతుందనీ, ఏడు దాటితే చాలా బాగున్నట్టేననీ, ఇది ర్యాంకు కాదు, బిడ్డకి సాయం కావాలో లేదో చూసుకునే లెక్క అనీ ఆవిడ నచ్చచెప్పింది. ఆయన "తొమ్మిది, టార్గెట్" అని రాసుకున్నాడు.

ఇంతలో పుణె నుంచి వియ్యపురాలి ఫోను. "అన్నయ్యగారూ, మా సిద్ధాంతిగారు మూడు ముహూర్తాలు రాసిచ్చారు. డాక్టరుగారికి చూపించి ఒకటి ఖాయం చేయండి." చూపించాను. డాక్టరమ్మ కాగితం మడిచి నా జేబులోనే పెట్టింది. తల్లీ బిడ్డా బాగున్నప్పుడు కత్తి ఎందుకు పట్టాలంది. మన దగ్గర ఇప్పటికే కత్తికి తీరిక లేదని నాకూ తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లయితే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. అవసరమైనప్పుడు ఆ ఆపరేషనే రెండు ప్రాణాలు నిలబెడుతుంది, కాదనను. పంచాంగం చూసి కోయించుకోవడం దగ్గరే నాకు పేచీ. అసలు డాక్టర్లిచ్చే తేదీయే ఉజ్జాయింపు. చివరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు కట్టిన లెక్క. సరిగ్గా ఆ రోజున పుట్టేవాళ్ళు నూటికి అయిదుగురు కూడా ఉండరట. మిగతా వాళ్ళంతా జన్మతః మనవాళ్ళే, చెప్పిన టైముకి రారు.

మా మనవరాలూ రాలేదు. ముందు దొంగ నొప్పులు వచ్చాయి. అర్ధరాత్రి ఆటోలో వెళ్ళాం. నేను ఇంకా చూద్దామన్నాను, మా ఆవిడ వినలేదు. డ్యూటీ సిస్టరు నా లాగ్ షీటు చూసి, "ఇరవై నిమిషాలు, ఎనిమిది, ముప్పై అయిదు, పన్నెండు... వీటికి వరసే లేదు కదా సార్. నడిస్తే తగ్గాయని రిమార్కుల్లో మీరే రాశారు" అంది. ఆ సంతకం గడిలో ఆవిడ చేత సంతకం పెట్టించుకుని ఇంటికొచ్చాం.

అసలు నొప్పులు వచ్చిన రోజున షీటు ఎంత చక్కగా నిండిందో చెప్పలేను. పదేసి, ఎనిమిదేసి, అయిదేసి. డాక్టరమ్మ దాన్ని ఫైల్లో పెట్టుకుంది. అల్లుడుగారి విమానం ఇంకా గాల్లోనే ఉంది. కాన్పు గదిలోకి తోడుగా ఒక్కరినే రానిస్తామన్నారు. ఊపిరి పీల్చడం తెలిసినవాణ్ణి, డైపరులో ఫస్టొచ్చినవాణ్ణి, నేను లేచి నిలబడ్డాను. అమ్మాయి "అమ్మ" అంది. మా ఆవిడ కొంగు దోపుకుని, తరగతికి ఒక్క పూట వచ్చిన మనిషి, లోపలికి వెళ్ళిపోయింది. మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలన్నారు. నాకు పట్టుకోమని ఫ్లాస్కు ఇచ్చింది.

మధ్యాహ్నం రెండు గంటల ఏడు నిమిషాలకి ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. మార్కులు ఎనిమిది, తొమ్మిది. ముహూర్తమూ లేదు, కత్తీ లేదు. మొదటి గంటలోనే ముర్రుపాలు పట్టించింది మా ఆవిడే. పక్క మంచం వాళ్ళ అత్తగారు తేనె సీసా తీస్తే గేదె ఉదాహరణ చెప్పి ఆపింది కూడా, సొంతంగా కనిపెట్టినట్టు. కె విటమిన్ ఇంజెక్షను, బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా పూర్తయ్యాయి. ఇరవై నాలుగు గంటల దాకా స్నానం వద్దంటే సున్నిపిండి పట్టుకుని గడియారం చూస్తూ కూర్చుంది. మూడో రోజు బరువు తగ్గిందని అల్లుడుగారు కంగారుపడితే, మొదటి వారంలో పదో వంతు దాకా తగ్గొచ్చు, రెండు వారాల్లో మళ్ళీ వస్తుందని నేను నోట్సు తీసి చూపించాను. ఆ నోట్సు ఆయన ఫోనులో ఫోటో తీసుకున్నారు. డైపరు వేయడం కూడా నేర్పిద్దామంటే, "మామయ్యగారూ, మీరుండగా నాకెందుకండీ" అన్నారు. బుద్ధిమంతుడు.

పేరు దగ్గర ఆగింది బండి. ఇరవై ఒక్క రోజుల్లోగా జననం నమోదు చేయించాలి, పేరు తర్వాతైనా చేర్చుకోవచ్చు. ఆ వెసులుబాటు లేకపోతే మా రెండు కుటుంబాలూ ఈపాటికి మాట్లాడుకోవడం మానేసేవి. పుట్టిన టైము పుణె పంపాం. సిద్ధాంతిగారు లెక్క కట్టి ఆరుద్ర నక్షత్రం మూడో పాదం అన్నారు. ఆరుద్రకి కూ, ఘ, ఙ, ఛ. మూడో పాదానికి ఙ. తెలుగు దేశంలో ఆ అక్షరంతో మొదలయ్యే ఆడపిల్ల ఇంతవరకూ పుట్టలేదు, మగపిల్లాడూ పుట్టలేదు. దానికి బదులు గ పెట్టుకోవచ్చని సిద్ధాంతిగారే దారి చూపించారు. గ అంటే గంగాభవాని అని వియ్యంకుడుగారు సంబరపడ్డారు. అది వాళ్ళమ్మగారి పేరు, అంటే మా వియ్యపురాలి అత్తగారి పేరు. ఆ అత్తాకోడళ్ళ సంగతి ఇంకో వ్యాసానికి సరిపోతుంది.

వియ్యపురాలు స్వయంగా పంచాంగం తిరగేసిందట. రెండూ ఇరవైకి నాలుగో పాదం వస్తోంది. నాలుగో పాదానికి ఛ. ఛాయ, ఛాయాదేవి, లక్షణమైన పేర్లు. పదమూడు నిమిషాల్లో పోయాయి. బారసాల ముందురోజు నన్ను పక్కకి పిలిచింది.

"అన్నయ్యగారూ, ఆ టైము రాసింది మీరే కదా. మీ గడియారం కాస్త వెనక నడుస్తోందేమో ఒకసారి చూసుకుంటారా?"

"ఆసుపత్రి రికార్డులో కూడా అదే ఉందమ్మా. పైగా నేను చూసింది ఫోనులో. దానికి టైము నెట్‌వర్క్ నుంచి వస్తుంది. ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో నేను లాగ్ షీటులో టైము దిద్దలేదు."

"నెట్‌వర్క్‌కేం తెలుసు అన్నయ్యగారూ, పురుళ్ళ సంగతి!"