సున్నా బిల్లు సమధర్మం

నీళ్లు పొదుపు చేసినవాడికి లాభం, దుబారా చేసినవాడి జేబుకు చిల్లు పడాలంటారు అర్థశాస్త్రం చదివినవాళ్లు. మన హైదరాబాద్ మాత్రం వాళ్లకంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితం. కృష్ణమ్మ నాగార్జునసాగర్ నుంచి, గోదారమ్మ ఎల్లంపల్లి నుంచి నూరు కిలోమీటర్లకు పైగా మోటార్ల మీద ఎక్కి దిగి వస్తే, ఇక్కడ కారుగారు జలకాలాడుతున్నారు.

పది వేలతో సరిపెట్టుకున్న పిసినారికి ప్రతిఫలం? సున్నా బిల్లు. పంతొమ్మిది వేలు పారబోసిన దాతకూ అదే సున్నా. ఇంతటి సమధర్మం ఇంకెక్కడుంది!

మీటరు ఉండి తీరాలన్నది షరతు. నిజమే, బస్తీలకు తప్ప. కానీ అపార్టుమెంట్లలో చాలాచోట్ల అందరికీ కలిపి ఒకటే. మూడో అంతస్తు కుళాయి కారితే ఐదో అంతస్తుకు నొప్పేమిటి? వాచ్‌మన్ మాత్రం సిమెంటు వాకిలి మొలకెత్తుతుందేమోనని పొద్దున్నే పైపుతో తడుపుతుంటాడు.

ఏప్రిల్‌లో బోరు ఎండగానే ఇదే అపార్టుమెంటు ట్యాంకరువాడు అడిగినంతా కిక్కురుమనకుండా ఇస్తుంది. గేటు పక్కన ఇంకుడుగుంత లేదా అంటారా? లేకేం! దాని మీద సెక్రటరీగారి పాత సోఫా ఉంది.