సాల్మన్ కాల్చు విధంబెట్టిదనిన

సింగరేణి బొగ్గు వంట దగ్గరే బయటపడిందని ఒక కథ చెబుతారు. భద్రాచలం పోతున్న యాత్రికులు ఇల్లందు దగ్గర ఆగి, చేతికందిన మూడు నల్లరాళ్లు పేర్చి ఎసరు పెట్టారట. కాసేపటికి కట్టెలతో పాటు పొయ్యిరాళ్లూ అంటుకున్నాయట. ఎసరు ఏమైందో కథలో లేదు. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ అక్కడ బొగ్గు ఉందని తేల్చాడు, 1889లో తవ్వకం మొదలైంది, 1920 డిసెంబరు 23న కంపెనీకి సింగరేణి కాలరీస్ అన్న పేరు వచ్చింది. వంటతో మొదలైన వ్యవహారం కనుక ఆ నిప్పు మీద ఓ చేపముక్క కాల్చుకుంటే న్యాయంగానే ఉంటుందని బొగ్గుగనుల ఊరు గోదావరిఖనిలో ఒకరికి అనిపించడం సహజం. అలా అనిపించినవారి కోసమే ఈ విధానం.

అనిపించడానికి మామూలుగా రెండు కారణాలుంటాయి. అమెరికా నుంచి సెలవులకొచ్చిన కొడుకు ఒకటి, కంపెనీ కార్మికులకు పంచే లాభాల వాటా ఇంకొకటి. 2024లో దసరా ముందు ప్రకటించిన వాటా 33 శాతం. సగటున ఒక్కో కార్మికుడికి 1.90 లక్షల రూపాయలు. ఆ డబ్బు ఎటు పోవాలో అది పడకముందే ఇంట్లో అందరికీ తెలుసు: చీటీ బాకీ, ఇంజనీరింగ్ ఫీజు, పుస్తెలతాడు. సాల్మన్‌ను ఆ జాబితాలో చేర్చే ధైర్యం ఎవరికీ ఉండదు కాబట్టి, ‘చిల్లర ఖర్చు’ అని రాసుకోవడం క్షేమం.

ముందు చేప సంపాదించాలి. ఖని మార్కెట్లో బొచ్చె ఉంటుంది, రవ్వ ఉంటుంది, బంగారు తీగ ఉంటుంది. రాష్ట్ర చేప అన్న హోదా ఉన్న కొర్రమట్ట, గాలి పీల్చి బతకగలదు గనుక, కాసిని నీళ్లున్న టబ్బులో ఒకదానిమీద ఒకటి పడి మెసులుతూ ఉంటుంది. అక్కడ కత్తిపీట ముందు కూర్చున్నామెను సాల్మన్ గురించి అడిగితే వచ్చే జవాబు ఇలా ఉంటుంది.

“అక్కా, సాల్మన్ ఉన్నదా?”

“సాల్మనన్ననా? ఫస్టు షిఫ్టుకు పోయిండు సార్. మూడింటికొస్తడు.”

ఆమె తప్పేం లేదు. ఈ ప్రాంతంలో సాల్మన్ అంటే మనిషి పేరు. చేపగా ఆయన నార్వే వాస్తవ్యుడు. సముద్రంలో వలకట్టి పెంచుతారు. ఆ నారింజ ఎరుపు కూడా పుట్టుకతో వచ్చింది కాదు. అడవి సాల్మన్‌కైతే తిన్న రొయ్యజాతి పురుగుల నుంచి, పెంపకపు సాల్మన్‌కైతే మేతలో కలిపిన అస్టాజాంతిన్ నుంచి వస్తుంది. అది కలపకపోతే మాంసం తెల్లగానే ఉంటుంది. రంగు చూసి డబ్బులిచ్చేవారు ఈ సంగతి ఇంట్లో చెప్పకపోవడం మంచిది.

సాల్మన్ సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదుతుంది. ఆ పని చేసే చేప మన గోదావరికీ ఉంది: పులస. కనుక నార్వేదాకా ఎందుకు, వాకిట్లో గోదారి పెట్టుకుని అని ఎవరైనా అడగవచ్చు. అడిగినవారు పులస ప్రయాణం ఒకసారి ఊహించుకోవాలి. 1852లో కాటన్ పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరే దాని దారి మూసుకుపోయింది. అది దాటినా పోలవరం, ఆ పైన దుమ్ముగూడెం, తుపాకులగూడెం, మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల. ఇన్ని గోడలు దూకి ఖని రేవుకు చేరే పులస ఏదైనా ఉంటే దాన్ని కాల్చకూడదు, సన్మానించాలి.

కాబట్టి ఇక మిగిలింది హైదరాబాదు. అక్కడి సూపర్ మార్కెట్ ఫ్రీజర్‌లో సాల్మన్ ముక్కలు ప్లాస్టిక్‌లో బిగుసుకుని పడుకుని ఉంటాయి. థర్మోకోల్ డబ్బాలో ఐసు పోసి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కించి రామగుండం స్టేషన్‌లో దించుకోవాలి. మే నెలలో మాత్రం ఈ సాహసం వద్దు. చేపమాంసంలో మయోసిన్ అనే ప్రొటీన్ 40 డిగ్రీల దగ్గరే బిగుసుకోవడం మొదలుపెడుతుంది. రామగుండం మే నెలలో 45 దాటుతుంది. స్టేషన్ నుంచి ఇల్లు చేరేలోపు ఐసు కరిగిందంటే, కాల్చే పనిలో సగం ఎండే చేసిపెడుతుంది, అదీ తప్పుగా.

ఇప్పుడు అసలు సంగతి, నిప్పు.

కొత్తవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు. చుట్టూ బొగ్గే కదా అనుకుంటారు. రైలు నిండా బొగ్గు, లారీ నిండా బొగ్గు, ఆరేసిన తెల్ల బనీను మీద బొగ్గు. కానీ తెలుగు ముందే హెచ్చరించింది: కుంపట్లో వేసేది కట్టెబొగ్గు, భూమిలోంచి తీసేది రాక్షసిబొగ్గు. పేర్లోనే ఉంది ఏది వంటింట్లోకి రావచ్చో, ఏది రాకూడదో. పైగా కొనడం కూడా తేలిక కాదు. కంపెనీ బొగ్గు అమ్మేది పెద్ద ఒప్పందాల మీద, ఈ-వేలంలో. రెండు వందల గ్రాముల చేప కోసం వేలం పాడి లారీ మాట్లాడుకోవాల్సి వస్తుంది.

పోనీ, దొరికిందే అనుకుందాం. బొగ్గుకు గ్రేడులుంటాయి. కిలో బొగ్గు ఎన్ని కిలోకేలరీల వేడి ఇస్తుందన్న లెక్కన 2012 నుంచి జీ-1 మొదలు జీ-17 దాకా పెట్టారు. ఏడు వేలు దాటితే జీ-1. నాలుగు వేల నుంచి 4,300 దాకా జీ-11. అట్టడుగున జీ-17కి కూడా 2,200 దాటాలి. ఇదే తూకంలో సాల్మన్‌ను పెడితే? వంద గ్రాముల పచ్చి సాల్మన్‌లో సుమారు 208 కిలోకేలరీలు, అంటే కిలోకు 2,080. పాపం, కొద్దిలో గ్రేడు తప్పింది. మన రవ్వ దానిలో సగం దగ్గరే ఆగిపోతుంది. కొవ్వు ఎక్కువ కాబట్టే సాల్మన్ నిప్పు మీద ఎండిపోకుండా నిలబడుతుంది. అదే కారణంతో కొవ్వు చుక్కలు కారి మంటలు లేస్తాయి. బొగ్గుతో పని చేసేవారు దీన్ని ఇంధనంగానే గౌరవించడం మేలు.

అయినా రాక్షసిబొగ్గు మీదే కాలుస్తానని మొండికేసేవారికి రెండు మాటలు. మన బొగ్గులో మూడోవంతు దాకా బూడిదే ఉండటం మామూలు. కాలిన తరువాత కూడా రాయి రాయిలాగే మిగులుతుంది. కాలేటప్పుడు మాత్రం తారు, గంధకం, ఇంకా పేరు తెలియని చాలా సరుకు పొగలో లేస్తుంది. బొగ్గుపొయ్యిల కాలం చూసిన ముసలమ్మలకు ఈ విద్య తెలుసు. పొయ్యి వాకిట్లో అంటించి, పొగంతా పోయి కణకణ ఎర్రబడ్డాకే లోపలికి తెచ్చేవారు. చైనాలో యునాన్ రాష్ట్రంలోని షువాన్‌వేలో అలా కాకుండా పొగబొగ్గును ఇంటి లోపలే కాల్చారు. పొగతాగే అలవాటు దాదాపు లేని అక్కడి ఆడవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ విపరీతంగా కనిపించింది. పొయ్యిలకు పొగగొట్టాలు పెట్టాక తగ్గింది. ఇంట్లో బొగ్గు కాల్చిన పొగ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చేసింది. హాస్యానికి చెప్పుకుంటున్న విధానంలో ఈ ఒక్క ముక్క మాత్రం హాస్యం కాదు.

అయితే సింగరేణి బొగ్గు మీదే కాల్చాలన్న పంతం నెరవేర్చుకునే దారి ఒకటుంది. కరెంటు గ్రిల్లు కొనుక్కోవాలి. బొగ్గు పక్కనే ఉన్న 2,600 మెగావాట్ల ఎన్టీపీసీకి పోతుంది, అక్కడ మండి, ఆవిరై, టర్బైన్ తిప్పి, తీగ ఎక్కి గ్రిడ్డు చుట్టి ఇంట్లోకి వస్తుంది. పదిహేను వందల వాట్ల గ్రిల్లు ఇరవై నిమిషాలు నడిస్తే అర యూనిట్. అర యూనిట్‌కు అక్కడ కాలే బొగ్గు ఇంచుమించు మూడు, నాలుగు వందల గ్రాములు. అంటే చేప కంటే బొగ్గే ఎక్కువ తూగుతుంది. దాని బూడిద గుప్పెడో రెండు గుప్పెళ్లో, కుందనపల్లి బూడిద చెరువుకు పోతుంది. వాకిట్లో ఊడ్చే పని లేదు. కొర్రమట్ట జిగట పోవడానికి పొయ్యి బూడిద రాసి తోమడం మన పద్ధతే గానీ, ఆ బూడిదను ఇందుకు తెచ్చుకోవద్దు. అది ఇటుకలకు మంచిది.

కరెంటు గ్రిల్లు మీద కాల్చింది కాల్చినట్టే ఉండదని కొడుకు అంటాడు. అప్పుడు చేయాల్సింది, సంచి పట్టుకుని ఇస్త్రీ బండి దగ్గరకు పోవడం. తెలుగు దేశానికి వెలుగునిచ్చే ఊళ్లో కట్టెబొగ్గు నమ్మకంగా దొరికే చోటు అదే.

“అన్నా, ఒక రెండు కిలోలు బొగ్గులియ్యరాదె.”

“ఎందుకే?”

“చేప కాలుస్తమన్నా.”

“బాయిల పని జేస్తవు, బొగ్గులకు నా దగ్గరికొచ్చినవా!”

ఈ మాట పడాల్సిందే. సంచిలో బొగ్గులతో పాటు ఉచితంగా వస్తుంది.

నిప్పు రాజేయడంలో బాయి పనివాళ్లకు, అంటే గని కార్మికులకు, ఒక చిక్కుంది. వాళ్ల కొలువంతా నిప్పు పుట్టకుండా చూడటమే. గనిలోకి దిగేముందు బీడీలు, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని జేబులు తడుముతారు. తవ్వకుండా వదిలిన బొగ్గు గాలి తగిలి తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉంది కాబట్టి, పాత పనులను గోడకట్టి మూసేస్తారు. మీథేన్ ఎంతుందో కొలవందే, గనిలో భద్రత చూసే సర్దార్ ఎవరినీ లోపలికి పంపడు. అలాంటి మనిషికి డాబా మీద కుంపటి ఇచ్చి అంటించమంటే ముందు గాలి ఎటు వీస్తుందో చూస్తాడు, తరువాత బకెట్ నీళ్లు పెట్టమంటాడు, ఇసుక అడుగుతాడు. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వాలి. కట్టెబొగ్గు పొగ కనబడదు గానీ, మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణం తీస్తుంది. డాబా మీదే ఉండటం, అతని పద్ధతిలోనే పోవడం మంచిది.

కొబ్బరిపీచుతో అంటించి చాటతో విసరాలి. మంట లేచినప్పుడు చేప పెట్టాలని చేతులు దురదపెడతాయి. ఆగాలి. బొగ్గు మీద సన్నటి బూడిద పొర కప్పుకోవాలి. రాజకీయ నాయకుల ఉపన్యాసాల్లో అరిగిపోయిన ‘నివురుగప్పిన నిప్పు’ అన్న మాటకు అసలు ఉద్యోగం ఇక్కడ. ఈ దశ గుర్తుపట్టడం పుస్తకాల్లో నేర్చుకునేది కాదు. వానాకాలం చౌరస్తాల్లో మక్కకంకులు కాల్చే ఆమెను పది నిమిషాలు గమనిస్తే చాలు. కుడిచేత్తో విసనకర్ర ఆగకుండా ఆడుతుంది. ఎడమచేయి కంకిని పావు వంతు, మళ్లీ పావు వంతు తిప్పుతుంది. గింజ చిటపటమన్న చోట నుంచి పక్కకు జరుపుతుంది. నిమ్మచెక్కను ఉప్పుకారంలో అద్ది కంకి పొడవునా ఒక్క గీత గీసి ఇస్తుంది. గ్రిల్లింగ్ మీద ఇంగ్లీషులో వచ్చిన సగం వీడియోలు ఆమె ముందు దండగ.

జాలీ కోసం వెతకనక్కర్లేదు, పుల్కాలు కాల్చేది చాలు. కాకపోతే దాన్ని ముందు బాగా కాగనిచ్చి, నూనె చేపకు రాసి, తోలువైపు కిందికి పెట్టాలి. పెట్టాక ముట్టుకోకూడదు. అంటుకుందేమోనన్న అనుమానంతో ఎత్తి చూస్తే తోలు జాలీకి, మాంసం పట్కారుకు, మిగిలింది బొగ్గులకు పోతుంది. కాలాల్సినంత కాలితే తోలు తనే వదులుతుంది. ఓపెన్‌కాస్ట్ గనిలో మధ్యాహ్నం పేల్చే వేళ అయితే కుంపటి కాస్త కదలవచ్చు, ఆ సమయం తప్పించడం మంచిది.

అయిందో లేదో తెలిసేదెలా? గనిలో పైకప్పును కర్రతో తట్టి చూస్తారు. గట్టి బండ ఖంగుమంటుంది, వదులైంది డొల్లగా పలుకుతుంది. ఆ చెవితో ముప్పై ఏళ్లు బతికి బయటపడ్డ మనిషి సాల్మన్‌ను కూడా తట్టి చూడబోతాడు. అది ఏమీ పలకదు. వేలితో నొక్కితే పొరలుగా విడిపోవాలి. అమెరికా ప్రభుత్వం లోపల 63 డిగ్రీలు ఉండాలంటుంది. పక్కల తెల్లటి గడ్డ కారితే అది ప్రొటీనే, పాడైందేమీ కాదు, కాస్త ఎక్కువ కాలిందంతే.

మసాలా విషయంలో ఇంట్లో రెండు పక్షాలుంటాయి. ఉప్పు, మిరియాలు, నిమ్మరసం చాలని కొడుకు. గడపలో కూర్చున్న నాయనమ్మ మాత్రం పళ్లెంలోకి ఒకసారి చూసి తీర్పు చెబుతుంది: “గింత ఆగం జేసుడెందుకు బిడ్డా, చింతపులుసు పోస్తె అయిపోవు గదా.” ఆమె మాటలో శాస్త్రం లేకపోలేదు. బొచ్చె, రవ్వల మాంసంలో వెంట్రుకల్లాంటి చీలిక ముళ్లు కండ మధ్యలోనే ఉంటాయి. ముక్కలుగా కోసి, కాల్చి, ఫోర్కుతో తినే చేపలు కావవి. పులుసులో నానబెట్టి, వేళ్లతో వెతికి తినే చేపలు. అందుకే ఇక్కడి వేళ్లకు కళ్లుంటాయి.

నాలుగు ముక్కల్లో రెండు జాలీకి అంటుకుంటాయి, ఒకటి కొడుకు ఫొటో తీసి తింటాడు. మిగిలినదాన్ని, జాలీ నుంచి గీకిన ముక్కలను రాత్రికి రాత్రే నాయనమ్మ మాయం చేస్తుంది. తెల్లారి ఫస్టు షిఫ్టులో, పని ఆపి కూర్చున్నచోట, క్యాప్ ల్యాంపుల వెలుగులో టిఫిన్ డబ్బా మూత తీస్తే మెంతులు వేసిన చేపల పులుసు. పక్కవాడు అలవాటుగా ముక్క తీసుకుని, అన్నంలో కలపకుండా ముందు వేళ్లతో నలిపి చూస్తాడు.

“ముల్లు లేదేందే? బొచ్చెనా ఇది?”

“సాల్మన్.”

అవతల కూర్చున్నాయన తలెత్తుతాడు. “ఆ? పిలిచినవా?”