ఐ7 ఉపాసకులు

తక్కువ సొమ్ముతో విడిభాగాలు ఏరుకొని డెస్క్‌టాప్ కంప్యూటర్ కూర్పించుకునే విద్యలో, అంటే బజారు మాటలో ‘అసెంబుల్డ్ సిస్టమ్’ చేయించుకోవడంలో, తెలుగునాట ఒక సిద్ధాంతం బాగా పాతుకుపోయింది. దాని ప్రకారం ప్రాసెసర్ పేరులో ఐ7 ఉండాలి, గ్రాఫిక్స్ కార్డు డబ్బా మీద 4 జీబీ అని ఉండాలి, క్యాబినెట్‌కు గాజు తలుపూ రంగులు మార్చే ఫ్యాన్లూ ఉండాలి. ఈ మూడూ సమకూరిన పిమ్మట, సొమ్ము మిగిలితే, కంప్యూటర్ కూడా కొనవచ్చు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో జనం సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మంచి సరుకూ దొరుకుతుంది, దాని గురించి ఓపికగా చెప్పే వర్తకులూ ఉంటారు. కాని సిద్ధాంతం తలకెక్కినవాడు మెట్లెక్కేటప్పుడే ‘బడ్జెట్ ఇంత, ఐ7 కావాలి’ అన్న మంత్రం జపిస్తూ వస్తాడు గనుక, వర్తకుడికి మిగిలేది తథాస్తు అనడమే. ఆ తథాస్తును కాగితం మీద రాస్తే కొటేషన్ అంటారు. ‘ఐ7, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్, గేమింగ్ క్యాబినెట్’ అన్న ఆ పంక్తిలో అబద్ధమంటూ ఏమీ ఉండదు, లేనిదల్లా తరం.

ఇంటెల్ సంస్థ 2008లో తెచ్చిన ఐ7 అన్న పేరు హోదాను తెలిపేదే గాని వయసును తెలిపేది కాదు. వయసు ఆ పక్కనున్న అంకెల్లో ఉంటుంది, 2600 అయితే రెండో తరం, 12100 అయితే పన్నెండో తరం. 2011లో వచ్చిన ఐ7-2600కూ, 2022లో వచ్చిన ఐ3-12100కూ కోర్లు, అంటే లోపల విడివిడిగా లెక్కలు కట్టే భాగాలు, నాలుగేసే. అయితే కొత్తదానిలో ఒక్కో కోరు చేసే పని పాతదానికి దాదాపు రెట్టింపు. ఈ సంగతి చెబితే ఉపాసకుడు జాలిగా నవ్వుతాడు, ఎందుకంటే మూడు కంటే ఏడు పెద్దదని ఆయనకు ఒకటో తరగతిలోనే రూఢి అయిపోయింది. ఉత్తరాలు టైపు చేసుకోవడానికీ సినిమాలు చూడటానికీ పాత ఐ7 చాలునన్నది నిజమే, పాతదని చెప్పి పాత ధరకే అమ్మితే. కాని దానికి సరిపడే హెచ్61 చిప్‌సెట్‌తో సీలు వేసిన పెట్టెల్లో కొత్త మదర్‌బోర్డులు ఇంకా వస్తున్నందువల్ల, 2011 నాటి ముసలివాడు పెళ్ళికొడుకు వేషంలో గడప దాటి లోపలికి వస్తాడు.

4 జీబీ గ్రాఫిక్స్ మహత్యం ఇంతకంటే క్లుప్తమైనది. 2014 నాటి జీటీ 730 వంటి కార్డులో మెమరీ ఎంత ఉన్నదో డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది; ఆ మెమరీ నుంచి చిప్‌కు సమాచారం ఎంత వేగంగా చేరుతుందో మాత్రం ఉండదు. 64 బిట్ల డీడీఆర్3 రకంలో ఆ వేగం సెకనుకు 14.4 జీబీ. గ్రాఫిక్స్‌ను తనలోనే ఇముడ్చుకున్న రైజెన్ 5 5600జీ వంటి ప్రాసెసర్‌కు 3200 వేగపు డీడీఆర్4 ర్యామ్ రెండు స్టిక్కులు జంటగా పెడితే, ప్రాసెసర్‌తో పంచుకోవలసి వచ్చినా, అందే వేగం 51.2 జీబీ.

సిద్ధాంతపు అసలు మహిమ ఎస్‌ఎంపీఎస్ దగ్గర బయటపడుతుంది. గోడ ప్లగ్గులోని 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి ఇచ్చే ఈ ఇనుప డబ్బా రంగులు మార్చదు, బంధువులకు చూపించదగిన అందమూ కాదు. కాబట్టి పొదుపంతా దీని మీదే జరుగుతుంది. క్యాబినెట్‌తోపాటు వచ్చిన చవక రకాన్ని చేతిలోకి తీసుకుంటే ముందుగా తెలిసేది దాని తేలికదనం. పక్కన అతికించిన చీటీ మీద 500 అన్న అంకె దూరం నుంచే కనిపిస్తుంది. దాని కింద చీమతలకాయంత అక్షరాల పట్టికలో 12 వోల్టుల ఎదుట 14 ఆంపియర్లని ఉంటే, ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ ప్రధానంగా కరెంటు అందే ఆ దారిలో వచ్చేది, పన్నెండు పద్నాలుగుల లెక్కన, 168 వాట్లు. మిగిలిన 332 వాట్లలో కొన్నింటికి 5, 3.3 వోల్టుల దారుల్లో లెక్క దొరుకుతుంది, తక్కినది చీటీ అచ్చువేసినవాడి ఔదార్యం. లాగిన కరెంటులో కనీసం 80 శాతాన్ని 20, 50, 100 శాతం భారాల వద్ద యంత్రానికి అందిస్తుందని ధ్రువీకరించే ‘80 ప్లస్’ గుర్తు 2004 నుంచీ ఉన్నది. ఆ గుర్తున్నది తీసుకుంటే కొంత ఎక్కువ అవుతుందనగానే ఉపాసకుడికి, ఫ్యాన్ల దగ్గర గుర్తుకురాని బడ్జెట్, హఠాత్తుగా గుర్తుకొస్తుంది.

ఐ7 గనుక పదేళ్ళ దాకా చూసుకోనక్కరలేదన్నది ఈ వర్గపు చివరి వాదం. ఆ పదేళ్ళు ప్రాసెసర్ ఇంటికి రాకముందే గడిచిపోయాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11 అధికారికంగా ఆమోదించే ఇంటెల్ ప్రాసెసర్లు, ఏవో కొద్ది మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచి మొదలవుతాయి. తనిఖీని తప్పించి ఎక్కించే ఉపాయం దుకాణంలోని కుర్రాడికి తెలుసుగాని, అటువంటి యంత్రాలకు అప్‌డేట్ల హామీ లేదు. ఇక బిల్లు కావాలంటే 18 శాతం జీఎస్టీ అదనమని చెప్పగానే ఉపాసకుడు బిల్లు వద్దని తన తెలివికి తానే మురిసిపోతాడు గనుక, కొన్న సరుకు ఏ తరానిదో, ఏ రోజు కొన్నదో తెలిపే కాగితం ఇంట్లో ఉండదు. వారంటీ కోసం వెళ్ళిననాడు చూపించడానికి ఆయన దగ్గర కొటేషన్ ఒక్కటే ఉంటుంది.