కరణంగారు కంప్యూటర్లో ఉన్నారు

మునసబు, కరణాల వ్యవస్థను 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఒక్క కలంపోటుతో రద్దు చేసింది. పదకొండేళ్ళు తిరిగేసరికి, 1995 ఆగస్టులో, మైక్రోసాఫ్ట్ ఆ కరణాన్నే విండోస్ 95లో కూర్చోబెట్టి మళ్ళీ మన నెత్తికెక్కించింది. ఆ నెలాఖర్లో మనవాళ్ళంతా ఎన్టీఆర్‌ని గద్దె దించుతున్న వైస్రాయ్ హోటల్ వైపు చూస్తూ ఈ నియామకాన్ని పట్టించుకోలేదు. కొత్త కరణంగారి పేరు రిజిస్ట్రీ.

పొలం మీది కావచ్చు, పంటా మీదే కావచ్చు. ఆయన పుస్తకంలో మీ పేరు లేకపోతే మాత్రం మీరెవరో ఊరికి తెలియదు. డాస్ రోజుల్లో ప్రోగ్రామ్ అంటే చాలావరకు ఒకే డైరెక్టరీ. 1.44 ఎంబీ ఫ్లాపీలోకి కాపీ కొట్టి పక్క మెషీన్‌లో వేస్తే మారుమాట్లాడకుండా నడిచేది. ఇప్పుడు ప్రోగ్రామ్ ఫైల్స్‌లోంచి ఫోల్డర్ ఎత్తి పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్ళండి. కొత్తదాంట్లో దించి డబుల్ క్లిక్ చేయండి. ఫలానా డీఎల్ఎల్ ఫైలు కనబడలేదంటుంది. అదేమో సిస్టమ్32లో ఉండిపోయింది. సెట్టింగులు యాప్‌డేటాలో, అదీ కంటికి కనబడకుండా దాచిన ఫోల్డర్. ఇక ఏది ఎక్కడుందో చెప్పే చిట్టా కరణంగారి చేతిలో. ఆయన పాత ఊరు వదిలి రారు.

ఇదేదో అమెరికా ఆఫీసుల గొడవ అనుకోకండి. మన టౌన్లలో డీటీపీ సెంటర్లు చూడండి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7, పక్కన అను స్క్రిప్ట్ మేనేజర్. పెళ్ళి కార్డుల నుంచి ఎన్నికల కరపత్రాల దాకా ఎన్ని ఆ రెండింటి మీదే బతికాయో! ఆ పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు. అవి లేని మెషీన్‌లో ఫైలు తెరిస్తే చి.ల.సౌ. కాస్తా కొక్కిరిబిక్కిరి గీతలవుతుంది. అందుకే కొత్త కంప్యూటర్ వచ్చిన రోజున ప్రతి సెంటర్లోనూ ఇదే సంభాషణ:

“తమ్ముడూ, పేజ్‌మేకర్, అను, ఈ రెండే ఇందులోకి మార్చిపెట్టు. మిగతావేం వద్దు.”

“సీడీలున్నాయా అన్నా?”

“ఎప్పటి సీడీలురా! ఉన్నా, దీంట్లో సీడీ పెట్టే చోటేదీ?”

“అయితే పనికి పాతదే ఉంచుకో అన్నా. కొత్తదాంట్లో బిల్లులు కొట్టుకో.”

అడిగిన రెండూ రావు. అడగనివి మాత్రం ముందే వచ్చి కూర్చుంటాయి. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు క్యాండీ క్రష్ పిలవని పేరంటానికి వచ్చింది. అదే విండోస్ 10లోంచి, పాత మెషీన్ సామాను కొత్తదాంట్లోకి చేరవేసే ఈజీ ట్రాన్స్‌ఫర్‌ని సాగనంపారు. అది ఉన్నన్నాళ్ళు వెలగబెట్టిందీ అంతంతమాత్రమే. ఫైళ్ళు, సెట్టింగులు మోసేది. ప్రోగ్రాముల దగ్గరికొచ్చేసరికి పాత మెషీన్‌లో ఏమేం ఉండేవో జాబితా చేతిలో పెట్టేది. పోయినవాటి పేర్లు చదువుకోమని కాబోలు!

“సాంకేతిక కారణాలండీ” అంటారు. నిజమే, హార్డ్ డిస్కులు ఎంబీల్లో ఉన్న కాలంలో ఒకే డీఎల్ఎల్‌ని పది ప్రోగ్రాములు పంచుకుంటే చోటు కలిసొచ్చేది. ఇప్పుడు పిల్లల ఆటకే వంద జీబీ కావాలి. ఇంకా ఏం ఆదా? అదే ఫైర్‌ఫాక్స్, అదే వీఎల్‌సీ పోర్టబుల్ రూపంలో పెన్‌డ్రైవ్ మీదే నడుస్తున్నాయి. అంటే చేతకాక కాదు, చేయాల్సిన అవసరం లేక. మ్యాక్ వాళ్ళు నవ్వనక్కర్లేదు. వాళ్ళ మైగ్రేషన్ అసిస్టెంట్‌లో అప్లికేషన్లన్నిటికీ కలిపి ఒకటే టిక్కు. రెండు చాలంటే వినదు.

డబ్బు తీసుకుని ప్రోగ్రాములు మోసిపెట్టే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. తాళం వేసినవాడు ఒకడు, తాళంచెవి అమ్మేవాడు ఇంకొకడు. మోసుకొచ్చాక కూడా యాక్టివేషన్ గడప దగ్గర ఆగాల్సిందే. మెషీన్‌తో పాటు కొన్న ఓఈఎం లైసెన్సు ఆ మెషీన్‌తోనే కాటికి పోవాలని షరతు. యాక్టివేషన్ సర్వరన్నా శాశ్వతమా? అడోబీ తన సీఎస్2 సర్వర్లను ఆపేసి, పాత కొనుగోలుదారులకు వేరే సీరియల్ నంబర్లు ఇచ్చింది. ఆపాటి మర్యాద అందరికీ ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

పైగా తొందర! విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో చెల్లు. విండోస్ 11కి మారదామంటే, టీపీఎం 2.0 సెక్యూరిటీ చిప్ లేదా, మీ మెషీన్ పనికిరాదు, కొత్తది కొనండి. కొంటాం సరే, పాతదాంట్లో మేం డబ్బు పోసి కొన్న ప్రోగ్రాముల మాటేమిటి? మళ్ళీ కొనండి. ఈసారి నెలనెలా.

కొత్త కంప్యూటర్ కొన్నవారికి ఒక మాట. పాతదాన్ని పాతసామాన్లవాడి తక్కెట్లో వేసేముందు సీరియల్ నంబర్లు కాగితం మీద రాసుకోండి, డీయాక్టివేట్ బటన్ ఉన్నచోటల్లా నొక్కండి. డీటీపీ అన్నలైతే అసలు అమ్మకండి.